మాజీ భర్త, మాజీ భార్య తప్పుల మీద వాళ్ల ఆఫీసుకు ఫిర్యాదు: రాసే ముందు చూసుకోవాల్సినవి

కృష్ణలంక (నిర్వాహకులు)

ఈ ప్రశ్న నెలకు రెండుసార్లైనా వస్తోంది కాబట్టి అన్నీ ఒకేచోట ఉండేలా ఈ చర్చ తెరుస్తున్నాను. సొంత గొడవలు ఇక్కడ వద్దు. ఒక ఊహా ఉదాహరణ పెట్టుకుందాం.

ఆయన రాష్ట్ర ప్రభుత్వ శాఖలో ఇంజనీరు. విడాకుల డిక్రీ వచ్చి ఎనిమిది నెలలైంది. డిక్రీకి ముందే ఇంకో పెళ్లి చేసుకున్నాడని, దొంగ మెడికల్ బిల్లులు పెట్టాడని, ఆస్తుల వివరాలు శాఖకు చెప్పలేదని ఆమెకు తెలుసు. భరణం నాలుగు నెలలుగా ఇవ్వడం లేదు. ఇవన్నీ కలిపి చీఫ్ ఇంజనీరుకు ఉత్తరం రాద్దామనుకుంటోంది. ఏమేం తగులుకుంటాయి?

జిల్లాకోర్టు ప్లీడరు

మొదటిది పరువునష్టం. పాత ఐపీసీ 499, 500 ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 356. రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. ఇందులో పోలీసులు ఎఫ్‌ఐఆర్ కట్టరు. ఆయనే మేజిస్ట్రేటు కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు వేసుకోవాలి, అందుకు మూడేళ్ల గడువుంది. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 223 ప్రకారం మేజిస్ట్రేటు కేసు స్వీకరించే ముందే నిందితురాలి మాట కూడా వినాలి. ఇది పాత చట్టంలో లేని మేలు. ఉత్తరం ఎక్కడ అందిందో అక్కడి కోర్టులో కూడా కేసు వేయొచ్చు. గుంటూరులో ఉన్న మనిషి ఆదిలాబాద్ వాయిదాలకు తిరగాల్సి వస్తుందన్నమాట.

సివిల్ దావా వేరు, డబ్బు కోసం వేసేది. దానికి గడువు ఒక్క ఏడాదే.

రెండోది, అవతల ఉన్నది ప్రభుత్వ అధికారి కనుక బీఎన్‌ఎస్ 217. అబద్ధమని తెలిసి, ఒక ఉద్యోగి మీదికి అధికారాన్ని ఉసిగొల్పడానికి సమాచారం ఇస్తే ఏడాది దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. దీన్ని ఆయన నేరుగా వేయలేడు. ఫిర్యాదు అందుకున్న అధికారి గానీ ఆయన పై అధికారి గానీ కోర్టుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అందుకే ఈ సెక్షన్ బెదిరింపుల్లో కనిపించినంతగా కోర్టుల్లో కనిపించదు.

నిప్పులాంటి నిజం

రాసింది నిజమైతే భయమెందుకండీ? నిజం చెబితే పరువునష్టం కాదు కదా.

జిల్లాకోర్టు ప్లీడరు

సివిల్ దావాలో ఆ మాట నిలుస్తుంది. క్రిమినల్ కేసులో సగమే నిలుస్తుంది. 356 కింద మొదటి మినహాయింపుకు రెండు కాళ్లు: మాట నిజం కావాలి, అది బయటపెట్టడం ప్రజాహితం కావాలి. ఆయన తాగి ఇంట్లో కంచాలు విసిరేవాడన్నది నిజమే కావచ్చు. అది చీఫ్ ఇంజనీరుకు చెప్పడంలో ప్రజాహితం ఏమిటని అడిగితే జవాబు కష్టం.

ఆమెను కాపాడే అసలు మినహాయింపు ఎనిమిదోది: ఆ విషయంలో ఆ మనిషి మీద చట్టబద్ధమైన అధికారం ఉన్నవారికి సద్బుద్ధితో చేసిన ఫిర్యాదు. ఇక్కడ మూడు మాటలు పట్టుకోండి. అధికారం ఉన్నవారికి. ఆ విషయంలో. సద్బుద్ధితో. 'సద్బుద్ధి' అంటే మనసు మంచిదని కాదు. చట్టం చెప్పే అర్థం తగిన జాగ్రత్త, శ్రద్ధ తీసుకోవడం. పక్కింటావిడ చెప్పిందని రాసేస్తే అది తగిన జాగ్రత్త కాదు. పైగా మినహాయింపు వర్తిస్తుందని చూపించే భారం నిందితురాలి మీదే.

అందుకే నా దృష్టిలో ఈ వ్యవహారంలో నిజమా అబద్ధమా అన్నదానికన్నా ముందు అడగాల్సింది, ఎవరికి, ఎందుకు, ఎంత వరకు రాస్తున్నావని. ఉత్తరం చీఫ్ ఇంజనీరుకు వెళ్తే మినహాయింపు ఉంటుంది. అదే ఉత్తరం నకలు ఎమ్మెల్యేకు, విలేకరికి, ఆయన బ్యాచ్ వాట్సాప్ గ్రూపుకు పోతే ఆ నకళ్లకు రక్షణ ఉండదు. ఒక్కో నకలూ ఒక్కో ప్రచురణే.

సెక్షన్ సూపరింటెండెంటు

ఆఫీసు వైపు నుంచి. మాజీ జీవిత భాగస్వామి ఉత్తరం రాగానే చాలాచోట్ల 'కుటుంబ కలహం, కోర్టులో తేల్చుకోవాలి' అని నోట్ రాసి ఫైలు మూసేస్తారు. పది పేజీలు ఏడుపు, అందులో ఒక పేజీ విషయం ఉంటే జరిగేది అదే. ఫైలు కదలాలంటే ఏ ప్రవర్తనా నియమం తప్పాడో చూపాలి.

ఉదాహరణలోనివి ఒక్కొక్కటీ చూద్దాం. రెండో పెళ్లి: ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి 1964లో 25వ నియమం. మొదటి భార్య ఉండగా ప్రభుత్వ అనుమతి లేకుండా ఇంకో పెళ్లి కుదరదు. తెలంగాణలోనూ మూలం ఈ నియమావళే. కేంద్ర ఉద్యోగికైతే సీసీఎస్ ప్రవర్తనా నియమాల్లో 21. ఆస్తుల వివరాలు: రాష్ట్రంలో 9వ నియమం, కేంద్రంలో 18. దొంగ బిల్లులు: అది దుష్ప్రవర్తన మాత్రమే కాదు, నేరం కూడా.

ఫిర్యాదు ఎవరికంటే, ఆయన్ను నియమించిన అధికారికి, లేదా శాఖ విజిలెన్సుకు. పక్క సెక్షన్ ఆఫీసరుకో, యూనియన్ నాయకుడికో కాదు. ఒక ఉత్తరం, ఒక అధికారి, స్పీడ్ పోస్టు, అందినట్టు రుజువు, మీ దగ్గర నకలు.

ఆకాశరామన్న ఉత్తరాల మీద చర్య తీసుకోవద్దని కేంద్రంలో 2013 అక్టోబరు 18 నాటి ఆదేశం స్పష్టంగా ఉంది. కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు పేరుతో రాసినా, 'ఇది మీరే రాశారా' అని తిరిగి ఉత్తరం వస్తుంది. 15 రోజుల్లో ఒప్పుకోవాలి. జవాబు లేకపోతే ఒకసారి గుర్తుచేసి, ఆ తర్వాత దొంగపేరు ఫిర్యాదుగా మూసేస్తారు.

గోదారిగట్టు

పేరు గోప్యంగా ఉంచే పద్ధతి ఒకటి ఉందంటారు?

సెక్షన్ సూపరింటెండెంటు

ఉంది. పీఐడీపీఐ, అంటే ప్రజాహితం కోసం సమాచారం బయటపెట్టేవారి రక్షణకు 2004లో చేసిన కేంద్ర తీర్మానం. కవరు మీద ఆ మాట రాసి, లోపల పేరు, చిరునామాతో సంతకం పెట్టిన ఫిర్యాదు ఉంచి కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు పంపాలి. కానీ అది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు, కేంద్ర సంస్థలకే. అవినీతి, అధికార దుర్వినియోగం వరకే. రాష్ట్ర ఇంజనీరు మీద పనికిరాదు. 2014లో విజిల్ బ్లోయర్ల చట్టం చేశారు గానీ అమల్లోకి తేలేదు, దాన్ని నమ్ముకుని ఎవరూ దిగకండి.

ఇంకో మాట. పేరు దాచినా సంగతి దాగదు. 2019లో బెడ్‌రూము బీరువాలో ఏముందో రాస్తే, రాసిందెవరో ఆయనకు మొదటి పేరాలోనే తెలిసిపోతుంది.

నిప్పులాంటి నిజం

సరే, రెండో పెళ్లి విషయం మాత్రం తిరుగులేదు కదా. ఫొటోలున్నాయి, శుభలేఖ ఉంది.

జిల్లాకోర్టు ప్లీడరు

తేదీలు చూడకుండా 'ద్విభార్యత్వం' అన్న మాట రాయకండి. డిక్రీకి ముందు పెళ్లి జరిగితే అది ఒక సంగతి. డిక్రీ అయ్యాక, అప్పీలు గడువు 90 రోజులు గడవకముందే జరిగితే వేరే సంగతి. హిందూ వివాహ చట్టం 15వ సెక్షన్ ఆగమంటుంది, నిజమే. కానీ ఆ వ్యవధిలో జరిగిన పెళ్లి అంతమాత్రాన చెల్లకుండా పోదని 1978లో ఒకసారి, 2018లో మరోసారి సుప్రీంకోర్టు తేల్చింది. అలాంటప్పుడు నేరం చేశాడని రాస్తే, తప్పు మాట రాసింది మీరవుతారు.

క్రిమినల్ కోర్టులో రెండో పెళ్లి నిరూపించాలంటే సప్తపది లాంటి తంతు జరిగినట్టు సాక్ష్యం అడుగుతారు. శుభలేఖ చాలదు. శాఖాపరమైన విచారణలో అంత పట్టు ఉండదు, సంభావ్యత ఎటు మొగ్గుతుందో చూస్తారు. కాబట్టి ఉత్తరంలో తేదీలే రాయండి: 'ఫలానా తేదీన పెళ్లి జరిగినట్టు ఈ రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం చూపుతోంది. మా విడాకుల డిక్రీ తేదీ ఇది. 25వ నియమం వర్తిస్తుందేమో పరిశీలించగలరు.' ఆపై విశేషణాలు వద్దు. తీర్పు చెప్పే పని వాళ్లది.

భరణం లెక్కలు

అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆయన ఉద్యోగం పోతే ఆమెకు వచ్చేదేమిటి?

సస్పెండైతే చేతికొచ్చేది జీవనభృతి. కేంద్ర నిబంధనల్లో మొదటి మూడు నెలలు సగం జీతపు సెలవులో వచ్చేంత మొత్తం, దాని మీద కరువు భత్యం. ఆయన మరుసటి వారమే కోర్టులో 'నా ఆదాయం తగ్గింది, భరణం తగ్గించండి' అని దరఖాస్తు పెడతాడు. సురక్షా సంహిత 146 దానికి దారి ఇస్తోంది. డిస్మిస్ అయితే పెన్షన్, గ్రాట్యుటీ కూడా గోవిందా. పిల్లల ఫీజులు ఆ జీతం మీదే నడుస్తుంటే కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే.

నాలుగు నెలల బకాయి కోసం ఫిర్యాదు అక్కర్లేదు. ఆఫీసుకు వెళ్లాల్సింది కోర్టు ఉత్తర్వు. గృహహింస చట్టం కింద భరణం వచ్చి ఉంటే 20(6): జీతంలో కొంత భాగం నేరుగా ఆమెకు చెల్లించమని మేజిస్ట్రేటు యజమానినే ఆదేశించవచ్చు. సివిల్ డిక్రీ అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21 రూల్ 48 కింద జీతం జప్తు, ప్రైవేటు ఉద్యోగికి 48-ఏ. మామూలు అప్పులకు ఉన్నంత రక్షణ భరణం డిక్రీకి ఉండదు. 60వ సెక్షన్ జీతంలో మూడోవంతు మాత్రమే వదలమంటుంది, మిగతా రెండొంతులకూ చేయి పెట్టవచ్చు. సురక్షా సంహిత 144 కింద వచ్చిన ఉత్తర్వైతే వారెంటు, ఆపై బాకీ పడ్డ ఒక్కో నెలకు నెల వరకు జైలు. కానీ బకాయి పడ్డ తేదీ నుంచి ఏడాదిలోపే దరఖాస్తు పెట్టాలి. ఈ గడువు దాటి నష్టపోయేవాళ్లు ఎక్కువ.

ఆ ఉత్తర్వు చేరేది జీతాల బిల్లు పెట్టే డీడీవోకు. దాని మీద పరువునష్టం కేసు ఎవరూ వేయలేరు.

సైబర్ సందు

'దొంగ బిల్లులు ఉన్నాయి' అన్నారు. ఎలా దొరికాయి? ఆయన మెయిల్ పాస్‌వర్డ్ గుర్తుండి తెరిచి దించుకుంటే ఐటీ చట్టం 66, 66సీ రెండూ తగులుతాయి, ఒక్కోదానికి మూడేళ్ల వరకు జైలు. పెళ్లప్పుడు పాస్‌వర్డ్ తనే చెప్పాడన్నది విడాకుల తర్వాత అనుమతి కాదు. పాత ట్యాబ్‌లో ఆయన ఖాతా ఇంకా తెరిచే ఉన్నా తెరిచి చదవకండి.

దొంగచాటుగా రికార్డు చేసిన భార్యాభర్తల సంభాషణను వైవాహిక కేసులో సాక్ష్యంగా చూడొచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. అది కోర్టులో సాక్ష్యం సంగతి. ఆ ఆడియోను హెచ్‌ఆర్‌కు పంపుకోవచ్చని ఆ తీర్పులో లేదు. ఏకాంత చిత్రాలు పంపితే మాత్రం ఇక పరువునష్టం గురించి మాట్లాడుకునే పనే లేదు, నేరుగా 66ఈ, 67ఏ. మొదటిసారికే 67ఏలో ఐదేళ్ల వరకు.

ఫ్యామిలీ కోర్టు కాగితాలూ అంతే. హిందూ వివాహ చట్టం 22 ప్రకారం ఆ విచారణల విషయాలు అచ్చువేయడం, ప్రచురించడం చట్టవిరుద్ధం. జరిమానా వెయ్యి రూపాయలే గానీ, ఆయన క్రాస్ ఎగ్జామినేషన్ పేజీలను ఆఫీసంతా పంచితే ఆ న్యాయమూర్తి ముందే మీ పరువు పోతుంది.

సెక్షన్ సూపరింటెండెంటు

బిల్లుల దగ్గర ఇంకో గొయ్యి. మెడికల్ రీయింబర్స్‌మెంటులో రోగి ఎవరు? చాలాసార్లు భార్యే. ఆ దొంగ బిల్లు ఆమె పేరు మీద, ఆమె సంతకంతో ఉంటే విచారణాధికారి మొదటి ప్రశ్న ఆమెకే. ఆస్తులూ అంతే. ఆదాయానికి మించి కొన్న స్థలం ఆమె పేరు మీదే ఉండి ఉంటే, అవినీతి నిరోధక చట్టం కింద ప్రోత్సహించిన నేరం ఉద్యోగి కానివాళ్లకూ అంటుతుందని 1999లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఏసీబీకి ఫోన్ చేసే ముందు ఆ డాక్యుమెంట్లలో మీ సంతకాలు ఎక్కడెక్కడున్నాయో లాయరుకు చూపించండి. తర్వాత చూపిస్తే ఆయన చేయగలిగేది తక్కువ.

గోదారిగట్టు

ఫిర్యాదు పంపకుండా, 'బకాయి కట్టకపోతే మీ చీఫ్ ఇంజనీరుకు రాస్తా' అని ఒక మెసేజ్ పెట్టి చూస్తే?

జిల్లాకోర్టు ప్లీడరు

దయచేసి వద్దు. ఈ చర్చ మొత్తంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన పని అదే. పరువుకు హాని చేస్తానని భయపెట్టి డబ్బు రాబడితే బీఎన్‌ఎస్ 308, ఏడేళ్ల వరకు. పాత చట్టంలో మూడేళ్లే ఉండేది. డబ్బు రాకపోయినా, భయపెట్టినందుకే రెండేళ్ల దాకా పడొచ్చు. నాకు రావాల్సిన డబ్బే కదా అడిగానన్న వాదనకు కొంత బలం ఉంది, కాదనను. కానీ ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తర్వాత ప్రతి కేసులోనూ ఒకటో నంబరు దస్తావేజు అవుతుంది. ఆ తర్వాత నిజంగా ఫిర్యాదు చేసినా సద్బుద్ధి అంటే ఎవరు నమ్ముతారు? లాయరు నోటీసులోనూ ఈ వాక్యం పెట్టించుకోకండి. పెట్టే లాయర్లున్నారు.

హైటెక్‌సిటీ హెచ్‌ఆర్

ప్రైవేటు కంపెనీల సంగతి వేరు. ఇక్కడ ప్రవర్తనా నియమావళి చట్టం కాదు, నియామక ఒప్పందం, కంపెనీ విధానం. మాజీ భార్యో భర్తో రాస్తే మేం చూసేది ఒక్కటే: ఇందులో కంపెనీ డబ్బు, కంపెనీ డేటా, కంపెనీ మనుషులు ఉన్నారా? తప్పుడు అద్దె రసీదులతో హెచ్‌ఆర్‌ఏ, రెండో ఉద్యోగం, క్లయింటు ఫైళ్లు ఇంటి లాప్‌టాప్‌లో ఉండటం, ఇలాంటివి ఎథిక్స్ మెయిల్‌కు వస్తే విచారణకు వెళ్తాయి. 'ఫలానా ఆవిడతో తిరుగుతున్నాడు' అన్నదానికి మా దగ్గర చోటే లేదు. అక్రమ సంబంధం 2018 నుంచి నేరం కూడా కాదు. 2023లో సుప్రీంకోర్టు సైనిక దళాల క్రమశిక్షణకు మాత్రం అది అడ్డు కాదని చెప్పింది.

లైంగిక వేధింపుల అంతర్గత కమిటీకి రాస్తామంటారు కొందరు. అక్కడ ఫిర్యాదు చేయాల్సింది పనిచోట వేధింపుకు గురైన మహిళ, సంఘటన జరిగిన మూడు నెలల్లో. ఇంట్లో జరిగినదానికి ఆ కమిటీకి అధికారం లేదు.

ఒక్కటి గుర్తుంచుకోండి. విచారణలో ఉద్యోగి అడిగితే ఆరోపణల సారాంశం చూపించక తప్పదు. 'గోప్యం' అన్న మాట మెయిల్ పైన రాసినంతలో గోప్యం అయిపోదు.

ప్లేనో

అమెరికాలో ఉన్న జంటలకు ఒక్క ముక్క. అక్కడ పరువునష్టం దాదాపు పూర్తిగా సివిల్ వ్యవహారం. నిజం సంపూర్ణ రక్షణ. టెక్సస్‌లో దావా గడువు ఏడాది. అసలు దెబ్బ వేరేచోట ఉంది. హెచ్‌1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే 60 రోజుల వరకే గడువు. ఈలోపు కొత్త ఉద్యోగం దొరక్కపోతే దేశం వదలాలి, పిల్లల పోషణ ఖర్చు ఆగుతుంది. టెక్సస్ మార్గదర్శకాల్లో ఒక బిడ్డకు నికర ఆదాయంలో 20 శాతం, ఇద్దరికి 25. ఆదాయమే లేకపోతే ఆ శాతం దేని మీద? యజమాని దగ్గరికి వెళ్లాలనుకుంటే అక్కడా కోర్టు ద్వారా ఇన్‌కమ్ విత్‌హోల్డింగ్ ఆర్డర్ (జీతంలోంచే కోసి ఇవ్వమని యజమానికిచ్చే ఉత్తర్వు) ఉంది. రక్షణ ఉత్తర్వు ఏదైనా అమల్లో ఉంటే అందులో పనిచోటు ప్రస్తావన ఉందేమో చదివాకే మెయిల్ సంగతి.

భరణం లెక్కలు

మగవాళ్లకూ ఇదే వర్తిస్తుందని చెప్పాలి. మాజీ భార్య బ్యాంకులో పనిచేస్తుంటే బ్రాంచి మేనేజరుకు ఆమె నడవడి గురించి రాసేవాళ్లున్నారు. 356 ఇద్దరికీ ఒకటే.

కృష్ణలంక (నిర్వాహకులు)

ప్లీడరు గారూ, 'మాజీ' కాకముందు రాస్తే?

జిల్లాకోర్టు ప్లీడరు

విడాకుల కేసు నడుస్తుండగా రాస్తే అదే క్రూరత్వానికి సాక్ష్యం కావచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన ఒక కేసులో 2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, జీవిత భాగస్వామి ఉద్యోగానికో వ్యాపారానికో దెబ్బ తగిలేలా నిరాధార ఫిర్యాదులు చేయడాన్ని మానసిక క్రూరత్వం జాబితాలో చేర్చింది. 2021 ఫిబ్రవరి 26న ఒక ఆర్మీ అధికారి కేసులో, భార్య పై అధికారులకు పంపిన ఫిర్యాదుల వల్ల సైన్యంలో విచారణ జరిగి ఆయన కెరీర్ దెబ్బతిన్నదని విడాకులు ఖాయం చేసింది. డిక్రీ వచ్చాక కూడా అప్పీలు నడుస్తుంటే ఈ కోణం బతికే ఉంటుంది.

పరస్పర అంగీకారంతో విడిపోయినవాళ్లు ముందు ఒప్పంద పత్రం తీసి చదవాలి. 'ఇకపై ఒకరిపై ఒకరు ఏ అధికారికీ, యజమానికీ ఫిర్యాదు చేయరాదు' అన్న వాక్యం చాలావాటిలో ఉంటుంది. ఆ మాట కోర్టుకు హామీగా ఇచ్చి ఉంటే తప్పడం కోర్టు ధిక్కారం కిందికి పోవచ్చు. ప్రభుత్వ సొమ్ము తిన్నాడన్న సమాచారాన్ని కూడా ఆ వాక్యం ఆపగలదా అన్నది వాదించదగిన విషయమే. కానీ ఆ వాదన మీ ఖర్చుతో నడుస్తుంది.

గోదారిగట్టు

ఇప్పటికే మెయిల్ పంపేసి, అవతలి నుంచి లీగల్ నోటీసు వచ్చినవాళ్ల సంగతి?

జిల్లాకోర్టు ప్లీడరు

రెండో మెయిల్ పంపకండి. మొదటిది చెరిపేయకండి, చెరిపితే అవతల నకలు ఎలాగూ ఉంటుంది, మీ దగ్గర మాత్రం లేకుండా పోతుంది. ఎవరెవరికి నకలు వెళ్లిందో జాబితా రాసుకోండి. ప్రతి వాక్యం పక్కన దానికి ఆధారమైన కాగితం ఏదో గుర్తు పెట్టండి. ఆధారం లేని వాక్యం తేలితే, ఆ ఒక్కదాన్నే వెనక్కి తీసుకుంటున్నట్టు లాయరు ద్వారా అదే అధికారికి రాయొచ్చు. మొత్తం ఉపసంహరిస్తే 'అబద్ధమని ఒప్పుకుంది' అంటారు. పైగా శాఖ మీ ఉపసంహరణకు కట్టుబడి ఉండక్కర్లేదు, విచారణ సాగిస్తే మిమ్మల్నే సాక్షిగా పిలుస్తుంది. నోటీసుకు ఇచ్చిన గడువులో జవాబు వెళ్లాలి. అందులో అవతలి మనిషి మీద కొత్త ఆరోపణ ఒక్కటీ ఉండకూడదు. అది కూడా ప్రచురణే.